వేళ్ళతో సహా ఉప్పుకూర

తెనాలి

బాపట్ల వెళ్ళినవాళ్ళు సముద్రం చూసి వస్తారు. నేను బీరువాలు చూసి వచ్చాను. రేపల్లె వెళ్ళినవాళ్ళు కృష్ణ ఒడ్డున నిలబడి వస్తారు. నేను మోకాలిలోతు బురద పక్కన నిలబడి వచ్చాను. ఇది కూడా రాయదగిన యాత్రేనా అని మా వీధిలోని ఒక బి.ఎ. గారు నవ్వారు. ఆయన కాశీదాకా వెళ్ళొచ్చి సత్రం గదుల్లో నల్లులున్నాయని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయారు. కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. ఆ తరవాత ఈ తెనాలిలోనే ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా కళ్ళు పోగొట్టుకున్నాను. సీసపు అక్షరాలు ఎదురు తిరిగి ఉంటాయి. ఊళ్ళో గొప్పవాళ్ళు రాసినవన్నీ నేను అలా తలకిందులుగా చదివాను. అలా చదివినా వాళ్ళకంటే ఎక్కువే ఒంటబట్టిందని నా నమ్మకం. అయినా ఇప్పటికీ ఎక్కడికి వెళ్ళినా ముందు అడిగేది, "ఎంతవరకు చదువుకున్నారండి?" అనే. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ప్రయాణంలో అది రెండుసార్లు మండింది.

వెళ్ళడానికి కారణం మా అక్క రత్తమ్మ. రేపల్లెకు దిగువన, చవుడు భూముల అంచున ఒక ఊళ్ళో ఉంటుంది. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరి సంగతో అందరికీ తెలిసిపోతుంది. ఆ ఉప్పునేలల్లో ఒక మొక్క మొలుస్తుంది. వెడల్పు లేని దళసరి ఆకులు, పుల్లల్లాంటి ఎర్రబారే కాడలు. ఉడకబెట్టి నీళ్ళు పారబోసి పప్పులో వేస్తారు. అక్క ఊళ్ళో దాన్ని ఉప్పుకూర అంటారు. నా చిన్నతనంలో తుఫాను వచ్చి చేలన్నీ ఉప్పునీటిలో మునిగిన ఏడు, కొత్తగా కాపురానికి వెళ్ళిన మా అక్క ఆ కూర వండిపెట్టి అత్తింటినీ, చూడబోయిన మమ్మల్నీ బతికించింది. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

కిందటి నెల అక్క ఆ కూర వండి, పక్కింటి వెంకాయమ్మగారికి ఒక గిన్నెడు ఇచ్చింది. వెంకాయమ్మ కోడలు సుగుణ అప్పుడు మూడో నెల గర్భిణి. కూర తిన్న మర్నాడే ఆ పిల్లకి కడుపు పోయింది. వెంకాయమ్మ, "ఆ బీడుల్లో ఏం గడ్డి పీక్కొచ్చి పెట్టిందో!" అని ఊరంతా చాటింది. అంతకంటే ఘోరం ఏమిటంటే, గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. మా వైపు ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. వెంకాయమ్మ ఆ గిన్నెని కడిగి పిట్టగోడ మీద బోర్లించి వెళ్ళింది. అది మొదలు ఆ వీధిలో ఎవరూ అక్క చేతి ముద్ద ముట్టడం లేదు. డెబ్భై దాటిన మనిషి ఎవరి వంక చూసినా తల దించుకుంటోందని రేపల్లె బండిలో వచ్చే ఎరిగినాయన చెప్పాడు.

నాకు కోపం వచ్చింది. బాపట్లలో మొక్కలకి పేర్లు పెట్టే చదువు చెప్పే కాలేజీ ఉంది కదా, ఆ చదువుకున్నవాళ్ళ నోటితోనే ఇది ఫలానా మొక్క, మంచి కూరే అనిపించి, ఆ మాట వెంకాయమ్మ మొహాన కొడదాం అనుకున్నాను. మొక్క పంపమని అక్కకి కబురు పెట్టాను. ఆ రేపల్లె బండి ఆయన చేతే పంపింది. తడిగుడ్డ విప్పి చూస్తే, ఆకు ఎంత శుభ్రంగా ఉందో! వేళ్ళు కోసేసి, ముదురు కాడలు తీసేసి, పూత గిల్లేసి, ఇసుక రాలేలా కడిగి పంపింది. కాలేజీవాళ్ళు ముచ్చటపడతారనుకున్నాను.

పొద్దున బండిలో నా ఎదుట ఒక పెళ్ళిళ్ళ మధ్యవర్తి కూర్చున్నాడు. ఒళ్ళో సంచి, నోట్లో కిళ్ళీ.

"ఇంటిపేరు చెప్పండి బాబాయిగారూ. చాలు. మిగతాదంతా నేను చెప్తా" అన్నాడు.

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని మా గోత్రం, మా మూలపు ఊరు, మా తాతల ఆస్తి, మా వాళ్ళకి ఉండే కోపం, అన్నీ ఏకరువు పెట్టాడు. కోపం ఒక్కటే సరిపోయింది.

"మాకు సెంటు భూమి కూడా లేదయ్యా" అన్నాను.

"అయితే మీరు వేరే శాఖ అయ్యుంటారండి" అని ఏమాత్రం తడబడకుండా నిడుబ్రోలులో దిగిపోయాడు.

బాపట్ల

స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా తెనాలిలో పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టి పోతారు. ఇక్కడ గరిటెతో కొలిచి వేస్తారు, రెండోసారి అడిగితే మనిషిని చూస్తారు. కాఫీ మాత్రం బాగుంది, పావలాకి గ్లాసు నిండా ఇచ్చారు.

కాలేజీలో బంట్రోతు, "ఏంటి పని? ఎంతవరకు చదివారు?" అన్నాడు. ఒళ్ళు మండడం అది మొదటిసారి. "చదువుకుని ఉంటే నువ్వు కూర్చున్న బల్ల మీద నేను కూర్చునేవాణ్ణి కదా!" అన్నాను. ఆ కేకకి లోపలినుంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, చొక్కా జేబులో పెన్నూ, మెడలో తాడుకి వేలాడుతూ ఒక చిన్న భూతద్దమూ. ఆయన పేరు ప్రకాశరావు, మొక్కల శాస్త్రం లెక్చరరు. "లోపలికి రండి పెద్దాయనా" అన్నాడు.

ఆ గది నిండా బీరువాలు, కలరా ఉండల వాసన. ఒక బీరువా తెరిచాడు. అట్టల మీద ఎండిన మొక్కలు, దారంతో కుట్టినవి, బంకకాగితం ముక్కలతో అంటించినవి. ఒక్కొక్క అట్ట కింద కుడి మూల ఒక చీటీ: మొక్క పేరు, దొరికిన చోటు, తెచ్చినవాళ్ళ పేరు. ఎండిపోయినా ఆ మొక్కలు నిలబడి ఉన్నట్టే ఉన్నాయి.

నేను గర్వంగా తడిగుడ్డ విప్పాను. ఆయన ఒక కాడ తీసి చూశాడు, తిప్పాడు, భూతద్దం పెట్టాడు. తరవాత నవ్వాపుకోలేకపోయాడు.

"ఇది పప్పులోకి పనికొస్తుందండి. పేరుకి పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు? ఆకుంది, కాడుంది!"

"పూవేదండీ? కాయేది? వేరు ఏది? చెప్పడానికి గుర్తులన్నీ అక్కడే ఉంటాయి. మీవాళ్ళు సరిగ్గా వాటినే తీసేశారు."

ఆకు చూసి చెప్పలేని చదువేం చదువని గట్టిగానే అడిగాను. ఆయనకి కోపం రాలేదు. బీరువాలోంచి మూడు అట్టలు తెచ్చి నా ముందు పెట్టాడు. మూడూ ఉప్పుకూర లాగే ఉన్నాయి, అవే దళసరి ఆకులు, అదే ఎరుపు.

"మూడూ వేరు వేరు కుటుంబాలవండి. ఉప్పునేల మీద బతకాలంటే ఆకులో నీళ్ళు దాచుకోవాలి. అందుకని ఎవరింట పుట్టినా అక్కడికొస్తే అదే చొక్కా తొడుక్కుంటాయి. చొక్కా చూసి ఇంటిపేరు చెప్తే తప్పు పడతామండి. పూవు అలా మారదు."

బండిలోని మధ్యవర్తి గుర్తొచ్చాడు. కానీ నా పట్టు వదల్లేదు. "సరే. ఆ పేర్లన్నీ తెల్లవాళ్ళ పేర్లే కదా! మా అక్క బీడులో మొలిచినదానికి సీమదొర పేరు పెట్టడమేమిటి?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. రెండు వందల ఏళ్ళ కిందట స్వీడన్ దేశంలో ఒక వైద్యుడు ప్రతి మొక్కకీ రెండేసి మాటల పేరు స్థిరపరిచాడట. అంతకు ముందు ఒక మొక్క పేరు చెప్పాలంటే మూడు వరుసల వర్ణన చదవాల్సి వచ్చేదట. రెండు మాటల్లో మొదటిది ఇంటిపేరు, రెండోది సొంతపేరు.

"దొరలు తమ పేరు ముందు చెప్పి ఇంటిపేరు వెనక చెప్తారు కదండీ. మొక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం మన తెలుగువాళ్ళ పద్ధతే. ముందు ఇంటిపేరు" అన్నాడు.

నాకది నచ్చింది. దాచలేదు.

"ఇంకో సంగతి. ఒక మొక్కని ఒక ఇంట పొరపాటున చేర్చామని తరవాత తెలిస్తే, సరైన ఇంటికి మారుస్తారు. అప్పుడు ఇంటిపేరు మారుతుంది. సొంతపేరు మారదు. మొదట పేరు పెట్టినవాడి గుర్తు కుండలీకరణాల్లో ఉండిపోతుంది."

"పెళ్ళయి అత్తారింటికి పోయిన పిల్ల లాగ."

"అచ్చంగా అంతేనండి" అని ఆయన బల్ల మీద చరిచాడు.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. అక్క, గిన్నె, సుగుణ, వెంకాయమ్మ. "ఇది ఏ కుటుంబమో చెప్పండి చాలు. మంచి కుటుంబమైతే మంచి కూరే కదా."

ఆయన నవ్వు పోయింది. "కుటుంబం చెప్తే సరిపోదండి. వంకాయా ఉమ్మెత్తా ఒకే కుటుంబం."

మా పెరట్లో వంగ మొక్కలున్నాయి, గోడ అవతల ఉమ్మెత్త ఉంది. రెండు పూలూ కళ్ళముందు ఆడాయి. ఇన్నాళ్ళూ చూశాను కానీ చూడలేదు.

"పేరు చెప్తాను. అది మీ అక్కగారి తరఫున వాదించదు. ఆ రోజు ఏం జరిగిందో మొక్క చెప్పదండి. ముందు మొత్తం మొక్క తీసుకురండి, వేళ్ళతో, పూతతో, మట్టితో. ఎక్కడ మొలిచింది, పక్కన ఏమున్నాయి, అన్నీ చూసుకుని రండి. తుంచిన ముక్క చూసి చెప్పింది ఎప్పటికీ నిజం కాదు."

పాత వార్తాపత్రికలు ఒక కట్ట ఇచ్చాడు. మొక్కని వాటి మధ్య పరిచి బరువు పెట్టాలట. కాలేజీ మెట్లు దిగుతూ చాలా కోపంగా ఉన్నాను. ఎవరి మీదో తేలలేదు.

చెరుకుపల్లి

బాపట్ల నుంచి రేపల్లె వైపు బస్సు. చెరుకుపల్లిలో ఆగింది, డ్రైవరు భోజనానికి పోయాడు. నేనూ ఒక పూటకూళ్ళ ఇంట్లో కూర్చున్నాను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, చారు. వడ్డించే ఆయన మంచివాడే. కబుర్లలో పెట్టి ఉప్పుకూర ఎప్పుడైనా వండుతారా అని అడిగాను.

గరిటె గాల్లోనే ఆగింది. "ఆ బీడుల్లో దొరికేదా అండీ? అది లేనివాళ్ళ కూరండి. మా ఇళ్ళల్లో గుమ్మం తొక్కనివ్వం."

"ఎప్పుడైనా తిన్నారా?"

"తినకుండానే తెలుస్తుంది కదండీ. మీరెంతవరకు చదువుకున్నారు?"

రెండోసారి. అయినా ఆయన పప్పులో నెయ్యి ధారాళంగా వేశాడు గనక ఊరుకున్నాను. వెంకాయమ్మ మాట ఊరంతా అంత తేలిగ్గా ఎందుకు నమ్మిందో ఆ విస్తరి ముందు అర్థమైంది. లేనివాళ్ళ కూర కాబట్టి ముందునుంచే అది దోషి. గోంగూరతో కడుపునొప్పి వస్తే గోంగూరని ఎవరూ అనరు.

రేపల్లెకు దిగువన

సాయంత్రానికి అక్క ఇల్లు చేరాను. రేపల్లెలో బస్సు దిగి, ఎడ్లబండి మీద కొంతదూరం, నడిచి కొంతదూరం. గాలిలో ఎండుచేపల వాసన. గోడ మీద గిన్నె ఇంకా బోర్లించే ఉంది. అక్క దాన్ని తీయలేదు.

"వేళ్ళు ఎందుకు కోశావే అక్కా? పూత ఎందుకు గిల్లావు?"

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఒరేయ్, తమ్ముడికి పంపేదాన్ని మట్టివేళ్ళతో పంపుతానట్రా? కూర బాగుచెయ్యడం కూడా రాదనుకున్నావా? అంత సిగ్గులేనిదాన్నా?"

"అది కూరకి కాదే, పేరుకి."

"పేరుకైతే మరీ శుభ్రంగా ఉండాలి కదరా" అంది. నేను గెలవలేకపోయాను.

మర్నాడు పొద్దున వెంకాయమ్మ గోడ పక్కకి వచ్చి నిలబడింది. ఎత్తయిన మనిషి, ముక్కున బేసరి.

"కాలేజీవాళ్ళు ఏమన్నారు అన్నయ్యగారూ? విషమేనన్నారా?"

"మొత్తం మొక్క తెమ్మన్నారమ్మా. వేళ్ళతో సహా చూస్తేగాని చెప్పరట."

"వేళ్ళు చూసి చెప్తారంట! జాతకాలు చెప్పేవాళ్ళు చేతులు చూస్తారు, వీళ్ళు కాళ్ళు చూస్తారు కాబోలు!"

అక్క లోపలికి వెళ్ళిపోయింది. నాకు మోకాళ్ళ నొప్పులు, బురదలో దిగలేను. అదే ఎలాగా అని నేను పైకే అంటుంటే వెంకాయమ్మ వెనకనుంచి సుగుణ బయటికి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"నేను తీసిస్తానండి తాతయ్యగారూ."

"ఏమే! దాని జోలికి వెళ్ళొద్దన్నానా?" అంది అత్త. ఆ పిల్ల వినబడనట్టే చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

బీడు మీద ఎండ మెరుస్తోంది. తెల్లటి ఉప్పుపొర, దాని మీద ఎర్రగా, పచ్చగా ఉప్పుకూర మొక్కలు. నేను గట్టు మీద నిలబడ్డాను. సుగుణ బురదలోకి దిగి, మొక్క చుట్టూ వేళ్ళతో తవ్వుతూ అడిగింది.

"వేళ్ళతోనే ఎందుకండి?"

లెక్చరరు చెప్పిందే చెప్పాను. "మొదలు నుంచీ చూడాలటమ్మా. తుంచిన ముక్క చూసి చెప్తే నిజం కాదట."

ఆ పిల్ల చేతులు ఆగాయి.

"మొదలు నుంచీ అయితే, ఆ కూర తినడానికి ముందే నాకు మొదలైందండి" అంది. "ముందు రోజు చెరువునుంచి బిందె ఎత్తుకొస్తుంటే నడుంలో పోటు పొడిచింది. రాత్రికి ఎర్రగా కనపడింది కూడా. చెప్తే పని తప్పించుకోడానికి అంటారని ఊరుకున్నా. మర్నాడు మామ్మగారు కూర ఇచ్చారు. నాకు రెండు రోజులనుంచీ ఏదీ సయించలేదు, అదొక్కటే తినబుద్ధయింది. ఆ తరవాతే పోయింది."

"మరి చెప్పలేదేమమ్మా?"

"ఎవరూ నన్ను అడగలేదండి. ఏం తిన్నావు, ఎవరు పెట్టారు అని మాత్రమే అడిగారు."

బాపట్ల దాకా వెళ్ళి, ఇంత రభస చేసి, నేను కూడా ఆ పిల్లని అడగలేదు. అడగాలని తోచనే లేదు. అందరం వేరు తీసేసి, పూత గిల్లేసి, కడిగిన ముక్కని చేతిలో పెట్టుకుని పేరు పెట్టేశాం.

సుగుణ ఆ మొక్కని వేళ్ళతో, బురద కారుతుండగా రెండు చేతుల్లో పట్టుకుని వీధి మధ్యనుంచి నడిచింది. వాకిళ్ళు ఊడుస్తున్న ఆడవాళ్ళు ఊడుస్తూ ఆగిపోయారు. తిన్నగా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, బోర్లించిన గిన్నెని తిప్పి, మొక్కని అందులో పెట్టింది.

"అత్తయ్యా, మామ్మగారి కూర వల్ల కాదు. అంతకు ముందు రోజే..." అని మొత్తం చెప్పింది. మధ్యలో ఆపలేదు.

వెంకాయమ్మ గిన్నెలోని మొక్క వంక, కోడలి వంక చూసింది. చివరికి, "బిందె ఎత్తలేనని నాకు చెప్తే చచ్చిపోయేదానివా?" అంది. తిట్టే తిట్టు, కానీ అందులో తిట్టు లేదు. అదే మాట మళ్ళీ అంటూ ఇంట్లోకి పోయింది.

ఆ మధ్యాహ్నం అక్క ఉప్పుకూర పప్పు వండింది. సుగుణ మా పక్కన కూర్చుని తింది. నాకు ఆ తుఫాను ఏడు గుర్తొచ్చింది. నేను మొక్కని కాగితాల మధ్య పెట్టుకున్నాక అక్క గిన్నె కడిగి వెంకాయమ్మ వైపు గోడ మీద పెట్టింది, ఈసారి బోర్లించకుండా. పొద్దున నేను బయల్దేరేటప్పటికి గిన్నెలో రెండు వంకాయలున్నాయి.

అక్క వాటిని చూసి కళ్ళు ఒత్తుకుంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావురా అంది. ఉమ్మెత్త సంగతి ఆ సమయంలో చెప్పదలచుకోలేదు.

మళ్ళీ బాపట్ల

బస్సు కిక్కిరిసి ఉంది. కాగితాల కట్ట సీటు మీద పెట్టి, పై కమ్మీ పట్టుకుని సంచి సర్దుకుంటున్నాను. ఇంతలో ఒక నిండైన మనిషి, చేతిలో కోడి, వచ్చి ఆ కట్ట మీదే కూర్చుంది.

"అమ్మా! అందులో మొక్కుంది!"

"మొక్కా? అయ్యో, చూడలేదండి అన్నయ్యగారూ" అని లేవబోయింది. అప్పుడు లెక్చరరు మాట గుర్తొచ్చింది: బరువు పెట్టాలి.

"వద్దమ్మా, కూర్చోండి. దిగేదాకా లేవకండి."

ఆవిడ నన్ను, కోడి నన్ను, ఇద్దరూ అనుమానంగా చూశారు. కానీ చెరుకుపల్లి దాకా కదల్లేదు.

ప్రకాశరావు కట్ట విప్పి, "భలే అణిగిందండి, మా ప్రెస్సులో కూడా ఇలా అణగదు!" అన్నాడు. ఎలా అణిగిందో నేను చెప్పలేదు. ఆయన ఆకు మొదట్లో దాక్కున్న ఆవగింజంత పూలని సూదితో విప్పి, భూతద్దం నాకిచ్చాడు. పూరేకులు లేవు. అయిదు ఆకుపచ్చ ముక్కలు, చేతులు ముడిచినట్టు. నేను పుట్టినప్పటినుంచీ తింటున్న కూర, దాని పూవు ఆ రోజు మొదటిసారి చూశాను.

"సువేడా మారిటైమా" అన్నాడు. "పాలకూర, బీటుదుంప, వాటి కుటుంబం. రెండో మాటకి సముద్రపుదని అర్థం."

"మొదటి మాట లాటిన్ ఇంటిపేరేనా?"

"కాదండి. అరబ్బు మాట. అక్కడివాళ్ళు ఆ మొక్కని పిలుచుకునే పేరే తీసుకున్నారు."

దొరల పేరని నేను చేసిన గొడవంతా తలుచుకుని ఆయన పెదవి బిగబట్టాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అరబ్బు ఉప్పునేలల్లో కూడా ఎవరో అక్క దాన్ని ఏరుకుని ఉంటుంది.

అట్ట మీద మొక్కని పరిచి, దారంతో కుట్టి, చీటీ రాయడం మొదలెట్టాడు. దొరికిన చోటు చెప్పాను. పక్కన ఏముందంటే, ఉప్పుపొర, బురద, పిల్ల పీతలు అన్నాను. ఉపయోగం అని ఉన్నచోట పెన్ను ఆపి నా వంక చూశాడు.

"కూర వండుకుంటారు. నిన్న నేనూ తిన్నాను, మా అక్కా తింది, సుగుణా తింది" అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన విని, తల వంచుకుని, "కూర వండుకుంటారు" అని రాశాడు.

"తెచ్చినవారు, మీ పేరు చెప్పండి."

"నాది కాదు. రత్తమ్మ, సుగుణ అని రాయండి."

రత్తమ్మ పక్కన మా అక్క అత్తింటి పేరు చెప్పాను. సుగుణ దగ్గర ఆగాను. వెంకాయమ్మగారి ఇంటిపేరు తెలుసు. ఆ పిల్ల పుట్టింటి పేరు ఏమిటో నాకు తెలియదు.

"ఏది రాయమంటారండి? పుట్టింటిదా, అత్తింటిదా?"

"ఏదీ వద్దు. సుగుణ చాలు. సొంతపేరు మారదన్నారుగా మీరే."

ఆయన నవ్వి అలాగే రాశాడు. మీరెప్పుడైనా బాపట్ల వెళితే, సముద్రం చూశాక, మొక్కల గది ఎక్కడని అడిగి ఆ బీరువా తెరిపించండి. బంట్రోతు చదువెంతని అడిగితే నా పేరు చెప్పకండి. అట్ట కింద కుడి మూల ఆ రెండు పేర్లూ ఉంటాయి. మొక్క అడుగున వేరు ఉంటుంది. దానికి ఇంకా కొంచెం మా అక్క ఊరి మట్టి అంటుకుని ఉంది. ప్రకాశరావు కుంచెతో దులపబోతే నేనే వద్దన్నాను.